ఎండిన పడవలో నీళ్లు తోడేవాడు

నందు దగ్గర మొదట ఉన్నది ముప్పై ఎనిమిది వేలు. ఆ డబ్బు పెట్టి అతను కొన్నది — కిషన్‌బాగ్‌లో ఊరికే ఇస్తామన్నా ఎవరూ ముట్టుకోనిది.

మైసయ్య బర్రెల కొట్టానికి ఆనుకుని, ఒకే గోడ పంచుకుంటూ, ఒక రేకుల గోదాము ఉంది. పగలు దాని నీడలో ఆటోలు ఆపుకుంటారు. చీకటి పడిందా, ఆటోవాళ్లు కూడా బండ్లు తీసి అవతలి సందులో పెట్టుకుంటారు. ఆ షట్టర్ ముందు నుంచి నడవాల్సి వస్తే ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కుంటారు, మగవాళ్లు ఫోన్‌లో పాట పెద్దగా పెడతారు.

ఎందుకంటే లోపల ఒక పడవ ఉంది.

చెరువు లేదు, కాలువ లేదు. నాలుగు గోడల మధ్య, ఇనుప ట్రైలర్ మీద, ఏళ్లుగా నీటి ముఖం చూడని తెరచాప పడవ. తెల్లవారుజామున, కోడి కూడా కూయని వేళ, ఆ పడవలోంచి చప్పుడు వస్తుంది...

గుబుక్... గుబుక్... చళ్.

ఎవరో చెంబుతో నీళ్లు తోడి బయట పారబోస్తున్నట్టు.

"బాలనర్సింహ... ఇంకా తోడుతనే ఉన్నడు," అంటారు సందులోవాళ్లు, గొంతు తగ్గించి.

వాళ్లు చెప్పే కథ ఇదీ. ఆ పడవ డానియేలు సారుది. రైల్వేలో ఉద్యోగం, ఆదివారం చర్చి అయిపోగానే ట్యాంక్‌బండ్ చెరువులో పడవ పందేలు. వెనక కూర్చుని చుక్కాని పట్టేది ఆయన. ముందు కూర్చుని తెరచాప తాడు లాగుతూ, లోపలికి ఎగిరిపడ్డ నీళ్లు అల్యూమినియం చెంబుతో తోడిపోసేది బాలనర్సింహ — ఈ సందువాడే. ఒక వానాకాలం పందెంలో గాలిదుమారం లేచింది. పడవ ఎడమవైపు ఒరిగింది, ఒరిగింది, తిరగబడింది. డానియేలు సారును బయటికి లాగారు. బాలనర్సింహ మర్నాడు దొరికాడు... చెంబు తాడు మణికట్టుకు చుట్టుకునే ఉంది.

డానియేలు సారు పడవను తెచ్చి గోదాములో పెట్టి తాళం వేశాడు. బతికినన్నాళ్లూ ఒకటే మాట అన్నాడట — "వాడు తోడుడు ఆపిండు. ఆపకపోతే మునిగేది కాదు."

అప్పుడు ఆపినందుకే ఇప్పుడు తోడుతున్నాడు. సందు లెక్క అది.

నందు లెక్క వేరు. రెండు ఎండాకాలాలు అతను ట్యాంక్‌బండ్ దగ్గర పిల్లలకు పడవ నడపడం నేర్పే కోచ్ దగ్గర సాయానికి వెళ్లాడు. ఏ పడవ ఎంత పలుకుతుందో తెలుసు. ఈ పడవకు ఫైబర్ ఒళ్లు, అంచుల చుట్టూ టేకు పట్టీలు, టేకు చుక్కాని. వార్నిష్ పొరలు లేచిపోయి చేప పొలుసుల్లా ఉన్నాయి గానీ, గోటితో గీరితే కింద కర్ర తేనె రంగులో మెరిసింది. సగం డబ్బు పడవకి, సగం సామానుకి. అమ్మితే రెండింతల పైనే.

డానియేలు సారు కూతురు షారోన్ తాళంచెవి చేతిలో పెడుతూ ఒక్క మాటే అంది. "తమ్ముడూ, మళ్ల వాపసు తెస్తనంటే తీసుకోను."

"నేనియ్య అక్కా," అన్నాడు నందు నవ్వుతూ.

కోచ్ పెట్టిన షరతు మాత్రం నవ్వేది కాదు. "నీళ్ల మీద చూడకుండ కొనను. ఆదివారం పొద్దున్నే తీస్కరా. ఇద్దరు కూసొని నడిపి చూపియ్యాలె — వెనకొకడు, ముందొకడు."

ఇంట్లో అమ్మ సత్తెమ్మది ఇంకో షరతు. "ఆదివారం దాక నీ ఇష్టం. అమ్ముడుపోలేదనుకో, సోమవారం నుంచి సంతోష్‌నగర్ మామ దుకాణంల కూసో. జిందగీభర్ అక్కడ్నే కూసో."

మామ దుకాణం స్టీలు సామాన్లది. అద్దం వెనక గిన్నెలు తుడుస్తూ తెల్లారడం, పొద్దుగూకడం. ఆ అద్దం తలచుకుంటేనే నందుకు ఊపిరి ఆగినట్టుండేది.

*

తోడు బబ్లూ దొరికాడు. చిన్నప్పటి దోస్తు, కర్రపని చేస్తాడు, నోరు పెద్దది. "దయ్యమా? నాకే ఎదురొస్తే దానికే దిష్టి తగుల్తది," అన్నాడు. ముందు తాడు కూడా తానే పడతానన్నాడు. పగలంతా ఇద్దరూ పట్టీల మీది పాత వార్నిష్ గీకారు, ఉప్పుకాగితంతో రుద్దారు. పట్టీలు ఊడదీద్దామని నందు అంటే బబ్లూ ఒప్పుకోలేదు.

"గట్టిగున్నయి. ఇప్పుతే మళ్ల కూసోవు. ఉన్నకాడనే రుద్దు."

ఒక్క సంగతే నందుకు అర్థం కాలేదు. ట్రైలర్ ఎడమ టైరు. ఎన్నిసార్లు గాలి కొట్టినా ఆ పక్కకే కుంగుతోంది. పడవ రెండు పక్కలా ఒకటే బరువుండాలి కదా... లెక్క కుదరలేదు.

వార్నిష్ పూత మాత్రం రాత్రే వెయ్యాలి. పగలు రోడ్డు దుమ్ము, కొట్టంలోంచి ఎగిరే వరిపొట్టు వచ్చి తడి పూతకు అతుక్కుంటాయి. ఎండకు బుడగలు లేస్తాయి. ఊరు అణిగాక, గాలిలో దుమ్ము దిగాక, కుంచె ముంచాలి. ఆ సంగతి బబ్లూకి తెలుసు. తెలిసే, షట్టర్ పైన నిమ్మకాయలు కట్టాడు.

మొదటి పూత అర్ధరాత్రికే అయిపోయింది, ఏమీ కాలేదు. రెండోది వేస్తూ వేస్తూ తెల్లవారుజాము అయ్యేసరికి...

బల్బు చుట్టూ పురుగులు. గోడ అవతల ఎక్కడో బకెట్ చప్పుడు. పడవలో తెరచాప కొయ్య దగ్గర మేకుకు ఆ పాత చెంబు వేలాడుతోంది — పారేయబుద్ధి కాక నందు ఉంచేశాడు. దాని అంచు ఒక పక్క అరిగి బల్లపరుపుగా ఉంది, పడవ అడుగును గీకి గీకి.

చెంబు ఊగింది.

గాలి లేదు.

"నువ్వు తాకినవా?" బబ్లూ గుసగుస.

"లే..."

గుబుక్.

ఇద్దరి కుంచెలూ ఆగిపోయాయి.

గుబుక్... గుబుక్... చళ్.

పడవ కదిలింది. కళ్లముందే — కుడికి, ఎడమకి, నీటి మీద తేలుతున్నట్టు మెల్లగా ఊగింది. పడవలో చుక్క నీరు లేదు. నందు తొంగి చూశాడు కూడా. ఎండిన అడుగు, కుంచె తుడిచిన గుడ్డ, అంతే. చప్పుడు మాత్రం ఆ పొడి అడుగులోంచే వస్తోంది...

బబ్లూ ఒక చెప్పు వదిలేసి షట్టర్ కింది నుంచి దొర్లుకుంటూ వెళ్లిపోయాడు. అంత పెద్ద నోటివాడు అరవను కూడా అరవలేదు.

*

మర్నాడు ఫోన్ ఎత్తలేదు. ఇంటికెళితే తలుపు సందులోంచి మాట్లాడాడు.

"నాకు జరమొచ్చింది."

"బబ్లూ, ఆదివారం..."

"ఆదివారం గూడ ఉంటది జరం."

నందు ఇంకా నలుగురిని అడిగాడు. గోదాము పేరెత్తగానే ఒకడికి పెళ్లి గుర్తొచ్చింది, ఇంకొకడికి అత్తగారి ఊరు. చివరికి కొట్టంలో గడ్డి వేస్తున్న మైసయ్య దగ్గరికి వెళ్లాడు.

"బాపూ, నువ్వు రోజు గోడ పక్కనే ఉంటవ్ గద. నీకు వినొస్తదా?"

మైసయ్య అటూ ఇటూ చూశాడు. "వినొస్తదా అని మెల్లగ అడుగుతవా బిడ్డా? రోజు! పాలు పిండుకుంట వింట. పది మందికి చెప్పింది నేనే. ఆయన పేరు మీద మొదటి ధార భూమ్మీద పోసినంకనే బకెట్ల పిండుత. నా మాటిను, దాన్ని ఇడిసిపెట్టు."

విడిచిపెడితే ముప్పై ఎనిమిది వేలూ పోతాయి. అది ఒకటి. స్టీలు గిన్నెల వెనక అద్దం — అది రెండోది. మొదటిదాన్ని మళ్లీ సంపాదించుకోవచ్చు.

ఆ రాత్రి నందు ఒక్కడే షట్టర్ దించుకున్నాడు.

పూత వెయ్యలేదు. బల్బు ఆర్పేశాడు. పడవలోకి ఎక్కి ఎడమ పక్క బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు — చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో చెవితోనే తెలుసుకోవాలని. తల దగ్గర చెంబు. చేతిలో ఫోన్. గుండె చప్పుడు ఎంత పెద్దగా ఉందంటే, ఇంకేదైనా వినపడుతుందా అని అనుమానం వచ్చింది.

వినపడింది.

ముందు గోడ అవతల బకెట్. తర్వాత ఇనుము మీద ఇనుము రాసుకున్న చిన్న కిర్రు... పడవ కిందినుంచి. తర్వాత పడవ ఒళ్లంతా ఒక్క కుదుపు.

గుబుక్.

సరిగ్గా చెవి కింద. అతను పడుకున్న బల్ల లోపల. అరచేయి మందం ఫైబర్‌కు అవతల. మనిషి దూరలేని చోట, చెయ్యి కూడా దూరలేని చోట, మూసిన పెట్టెలో...

గుబుక్... గుబుక్... చళ్.

లేచి పరుగెత్తాలని కాళ్లు చెబుతున్నాయి. పరుగెత్తితే తాను మళ్లీ ఇక్కడికి రాడు. అది అతనికి బాగా తెలుసు. పళ్లు బిగబట్టి పడవ దిగాడు. మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ లైటు ట్రైలర్ కిందికి కొట్టాడు.

ట్రైలర్ వెనక పాత టార్పాలిన్ కుప్ప. ఆ కుప్ప కదులుతోంది.

కర్రతో పక్కకు తోశాడు. గొలుసు. ట్రైలర్ ఇరుసుకు చుట్టి, బిగుసుకుని, వణుకుతున్న గొలుసు. అది నేల మీదుగా గోడ వైపు పాకి... గోడ అడుగున ఉన్న రంధ్రంలోకి పోయింది. లోపలినుంచి ఎవరో లాగుతున్నారు. వదులుతున్నారు. లాగుతున్నారు.

నందు పాకుతూ వెళ్లాడు. రంధ్రం దగ్గర లైటు పెట్టాడు.

వేడి ఊపిరి ముఖాన కొట్టింది. అవతల ఒక పెద్ద కన్ను — నల్లగా, తడిగా, లైటుకు పచ్చగా మండుతూ...

"అమ్మా!" అన్నాడు.

"అంబే..." అంది అది.

బర్రె.

"ఎవలు? ఎవలది లోపల?" గోడ అవతల వణికే గొంతు.

"బాపూ... నేను..."

ధన్ మని బకెట్ పడింది. "బాలనర్సింహా! నాయనా! రోజు మొదటి ధార నీకే పోస్తున్న గద! తప్పు జేసిన్నా? నన్నేం జెయ్యకు!"

"బాపూ, నందును! సత్తెమ్మ కొడుకు నందును!"

తర్వాత మైసయ్య గొంతు ఏడుపులోకి దిగింది.

"నిన్ను గూడ తీస్కపోయిండా బిడ్డా..."

నందు నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా, కూర్చున్న చోటే, గోడకు తల ఆనించి నవ్వాడు. తర్వాత అడిగాడు.

"బాపూ, ఈ గొలుసేంది?"

"తన్నే బర్రె బిడ్డా. ఏ గుంజ పాతినా పీకుతది. పాలు పిండేటప్పుడు గా బండికి కడ్త, జర బరువుంటదని. డానియేలు సారు ఉన్నప్పటి నుంచి గంతే. ఎన్ని బర్రెలు మారినయో... తన్నేదానికి గదే గుంజ."

"చప్పుడు ఎప్పుడొస్తది? గొలుసు కట్టకముందా, కట్టినంకనా?"

"కట్టినంకనే. గందుకే గద దడదడ పిండుకొని ఇప్పేస్త. ఇప్పంగనే ఆయన గూడ..."

మైసయ్య ఆగిపోయాడు.

"ఆయన గూడ ఆపుతడు," అన్నాడు చివరికి, చాలా మెల్లగా. బర్రె ఒకసారి తల విదిలించింది. పడవలో గుబుక్ మంది.

*

బర్రె బండిని ఊపుతుంది. సరే. మరి ఊగే నీళ్లెక్కడివి?

తెల్లారగానే నందు ఎడమ బల్ల మీద రంపంతో గుండ్రంగా కోశాడు. ఆ బల్లల కింద మూసిన గాలిపెట్టెలు ఉంటాయి, పడవ మునగకుండా తేలడానికి. అందులో గాలి తప్ప ఇంకేమీ ఉండకూడదు. రంధ్రంలో ట్యూబు పెట్టి పీల్చి కిందికి వదిలాడు.

నల్లటి నీళ్లు. గోదాము నేలంతా పరుచుకుని, షట్టర్ కింది నుంచి సందులోకి పారాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు కాళ్లు వెనక్కి తీసుకున్నారు. నీళ్లు తగ్గుతున్నకొద్దీ ఎడమ టైరు మెల్లగా పైకి లేచింది. కుడి టైరుతో సమానంగా వచ్చి ఆగింది.

అప్పుడు నందు బబ్లూ మాట పక్కనపెట్టి ఆ పక్క టేకు పట్టీ ఊడదీశాడు. కింద, పడవ ఒంటికీ పైభాగానికీ మధ్య అతుకు విచ్చుకుని ఉంది. మూరెడు పొడవు పగులు. పైకి చూశాడు — రేకుకు సరిగ్గా అక్కడే చిల్లు. ప్రతి వానాకాలం చుక్క చుక్కగా పట్టీ వెనకనుంచి పెట్టెలోకి దిగిన నీళ్లు ఇవి.

పగులు మాత్రం కొత్తది కాదు. దాని అంచుల్లో ఎండిపోయిన నాచు ఉంది. గోదాములో నాచు పట్టదు. ట్యాంక్‌బండ్ నాచు.

నందు చేతిలో పట్టీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పందెం రోజు పడవ ఎడమకు ఒరిగినప్పుడల్లా చెరువు ఈ పగులు గుండా లోపలికి వచ్చింది. కనపడని పెట్టెలోకి. బరువెక్కి ఇంకా ఒరిగింది, ఒరిగేకొద్దీ ఇంకా వచ్చింది. ముందు కూర్చున్న మనిషి కాళ్ల దగ్గరి నీళ్లు తోడుతున్నాడు. తోడుతూనే ఉన్నాడు. కానీ ముంచుతున్న నీళ్లకు అతని చెంబు అందేది కాదు.

మధ్యాహ్నం షారోన్ వచ్చింది. పగులు మీద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపింది.

"డాడీకి ఇది తెల్వదు," అంది.

"ఎవరికీ తెల్వదక్కా. పట్టీ కింద ఉన్నది."

"చచ్చేదాక అదే మాట అన్నడు... ఆపిండు, ఆపిండు అని. దినాల నాడు బుచ్చమ్మ ముంగట గూడ అన్నడు." బుచ్చమ్మ బాలనర్సింహ భార్య. షారోన్ చున్నీతో ముఖం తుడుచుకుంది. "నేనే పోయి చెప్త ఆమెకు. ఈ పట్టీ జర ఇస్తవా, చూపిచ్చి తెస్త?"

నందు ఇచ్చాడు. పట్టీ సాయంత్రానికి తిరిగి వచ్చింది, పసుపు బొట్టుతో. బుచ్చమ్మ పెట్టిందట. నందు ఆ బొట్టును రుద్దలేదు. పగులునూ, బల్ల మీద తాను కోసిన రంధ్రాన్నీ రెజిన్ జిగురుతో మూసి, పట్టీ బిగించి, బొట్టు మీదుగానే వార్నిష్ వేశాడు.

*

శనివారం రాత్రి.

రేకు చిల్లుకు కొత్త ముక్క పడింది. మైసయ్య సిమెంటులో ఇనుప స్తంభం దిగేసి తన్నే బర్రెను దానికి కట్టుకున్నాడు. పడవ మీద ఆఖరి పూత. ఒక్కటే మిగిలింది — ముందు కూర్చునే మనిషి.

బబ్లూ షట్టర్ బయటే నిలబడి మాట్లాడాడు.

"బర్రె అని తేలింది గదరా. ఇంకేం భయం?" అన్నాడు నందు.

"కొట్టంల బర్రె ఉన్నది, ఒప్పుకున్న," అన్నాడు బబ్లూ. "ట్యాంక్‌బండ్ నడిమిట్ల బర్రె ఉండదు గద. అక్కడ చప్పుడొస్తే ఎవరి మీద పెట్టాలె?"

వెళ్లిపోయాడు.

నందు పడవ అంచుకు చుట్టూ ఆఖరి పూత ముగించి, కుంచె డబ్బాలో పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తెల్లవారితే పడవను లాక్కెళ్లే ట్రాలీ వస్తుంది. ఒక్కడే నడిపితే కోచ్ చూడను కూడా చూడడు. సోమవారం... అద్దం... గిన్నెలు... ఆలోచిస్తూ కళ్లు మూసుకున్నాడు.

గోడ అవతల బకెట్ చప్పుడుకు మెలకువ వచ్చింది.

చెవులు రిక్కించాడు. ఏమీ లేదు. గొలుసు కిర్రు లేదు. గుబుక్ లేదు. పడవ నిశ్చలంగా ఉంది. ఇన్నేళ్లలో ఆ గోదాము ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ ఉండి ఉండదు. నందు తేలిగ్గా ఊపిరి పీల్చి లేచాడు — చెంబు తీసి సంచిలో వేసుకుందామని.

మేకుకు చెంబు లేదు.

లైటు అటూ ఇటూ తిప్పాడు. పడవ ముందు భాగంలో, ఎడమ పక్క బల్ల మీద, ముందు మనిషి కూర్చునే చోట... నిలబెట్టి ఉంది. తాడు నీటుగా చుట్టచుట్టి పక్కన ఉంది.

అంచు మీది వార్నిష్ ఇంకా తడి. దాన్ని ముట్టుకోకుండా పడవలోకి ఎవరూ ఎక్కలేరు. నందు లైటు ఆ అంచు వెంబడే చుట్టూ నడిపించాడు. అద్దంలా ఉంది. వేలి గుర్తు లేదు. గీత లేదు.

కాళ్ల మడమలు ఎత్తి, వంగి, చెంబులోకి చూశాడు.

గుక్కెడు నీళ్లు. పచ్చటి నీళ్లు. ట్యాంక్‌బండ్ నాచు వాసన.

పైకి చూశాడు. కొత్త రేకు. పొడిగా ఉంది.

ఎంతసేపు అలా ఉన్నాడో అతనికే తెలియదు. బయట సందు మొదట్లో ట్రాలీ హారన్ మోగింది... ఒకసారి, మళ్లీ ఒకసారి. షట్టర్ కింద సన్నగా వెలుగు గీత పడింది.

"అన్నా," అన్నాడు నందు. "పట్టీ కింద పగులు మూసేసిన. ఈసారి నీళ్లు రావు. నువ్వు ఆపలేదని బుచ్చమ్మకు గూడ చెప్పినం..."

ఏ చప్పుడూ లేదు.

"చెంబు పక్కన పెట్టే అన్నా. ముందు తాడు పట్టుకో."

ట్రైలర్ ఎడమ టైరు, నీళ్లు పోయాక సమానంగా నిలబడ్డ టైరు... మనిషి ఎక్కి కూర్చున్నంత మేర, మెల్లగా, కుంగింది.

నందు వెనక్కి చూడలేదు. రెండు చేతులూ షట్టర్ కింద పెట్టి, పైకి ఎత్తడానికి వంగాడు.